కనుబొమ్మలో తప్పిన పోగు

చిక్కపేట, బెంగళూరు
ఫిబ్రవరి

మునిలక్ష్మక్కకు,

మూట విప్పగానే పట్టు సంగతి చూడకుండా ఉత్తరం వెతుకుతావని బావ చెప్పాడు. అందుకే ఈసారి జరీ రీళ్ళ అడుగున దాచాను, కాస్త కష్టపడు. సావుకారి మూటలో చీటీ పెట్టి పంపే నాన్న అలవాటు మనిద్దరికే మిగిలింది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని ఇక్కడివాళ్ళు నవ్వుతారు. వాళ్ళకేం, వాళ్ళ ఫోన్లు వాళ్ళ దగ్గరున్నాయి. నేను పొద్దున మేడ ఎక్కే ముందు నా ఫోను గల్లాపెట్టెలో పెట్టి పోవాలి. డిజైన్లు ఫోటో తీసి పక్క అంగడికి అమ్ముకుంటామని మా సావుకారు దొడ్డప్పకు భయం. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనేమో బావ జేబులో, బావేమో మగ్గం గుంతలో.

నేను కూర్చునే గది కిటికీలకు కూడా అదే భయంతో చెక్కలు కొట్టించాడు. పైన రేకులు. కింద చిక్కపేటంతా అరుస్తూ ఉంటుంది, నాకు ఒక్క మనిషి ముఖం కనిపించదు. సాయంత్రం నళిని వచ్చి నన్ను లేపి అదే కుర్చీలో కూర్చుంటుంది. ఉన్నది ఒకటే కంప్యూటరు కాబట్టి ఇద్దరం పూటలు పంచుకున్నాం.

మనుషుల ముఖాలు కనిపించవన్నాను గానీ, పెళ్ళికూతుళ్ళ ముఖాలు మాత్రం బోలెడు చూస్తున్నాను. కొంగులో తమ ముఖం, పక్కన పెళ్ళికొడుకు ముఖం నేయించుకోవడం ఇప్పుడు వాళ్ళ కొత్త పిచ్చి. ఫోటో పంపుతారు. దాన్ని కంప్యూటరు ఒక్కో వరుసకు ఏ పోగు లేవాలి, ఏ పోగు పడుకోవాలి అని ఆజ్ఞలుగా మారుస్తుంది. ఆ ఆజ్ఞలే పెన్‌డ్రైవులో మీ ఇంటికి వచ్చి, బావ మగ్గం పైన దొడ్డప్ప బిగించిన, పోగులు లేపే పెట్టెలోకి పోతాయి. ఒక్క ఫోటో మారడానికి గంటలు పడుతుంది. అంతసేపూ నేను ఫ్యాను కింద గోడ చూస్తూ కూర్చుంటాను.

ఉగాది తర్వాతి ఆదివారం సహన చెవులు కుట్టించాలన్నావు. మేనమామ ఒళ్ళో కూర్చోకుండా పిల్ల చెవులు ఎట్లా కుడతారు? సెలవు అడిగాను. "చేతిలో ఉండే ఫోటోలు ముగించి పోప్పా, నేనేమన్నా కట్టేసినానా" అన్నాడు దొడ్డప్ప. చేతిలో ఉన్నవి ఉగాదికి ముగిసేవి కావు. కానీ నేనొక దారి కనిపెట్టాను. చెప్తే నీకు అర్థం కాదులే.

హరీశ్


హిందూపురం
మార్చి

హరీశా,

అర్థం కాదంటావా? పదో తరగతి దాకా నీ లెక్కలు ఎవరు చేసిపెట్టారో మర్చిపోయినట్టున్నావు. ఆ దారేమిటో వివరంగా రాయి.

మీ బావకు ఈ ముఖాల చీరలు నచ్చడం లేదు. కొంగులో హంసలు, మామిడి పిందెలు నేసిన చేతులతో ఊరూ పేరూ తెలియని వాళ్ళ పళ్ళు నేయాల్సి వస్తోందని గొణుగుతున్నాడు. మొన్న ఒక పెళ్ళికొడుకు ముఖం సగం అయ్యేసరికి మగ్గం ఆపి, "వీనికి పిల్లనెట్లా ఇచ్చినారో" అన్నాడు. నేను నవ్వలేక చచ్చాను. కానీ హరీశా, నేత మాత్రం చూడాలి. నేసేటప్పుడు కొంగు మంచివైపు కిందికి ఉంటుంది కదా, పైకి వెనకవైపే కనిపిస్తుంది. మధ్యమధ్య అద్దం కింద పెట్టి చూసుకుంటాడు. తెగిన పోగు వెంట్రుక కంటే సన్నంగా ఉన్నా పట్టేస్తాడు. వీధిలో ఎవరి మగ్గంలో పోగు దొరకకపోయినా ఆయన్నే పిలుస్తారు.

దొడ్డప్ప పెట్టె మగ్గానికి బిగించేటప్పుడు ఆయన ఎంత వద్దన్నాడో నీకు తెలుసు. నువ్వు చెప్పావని, నేను పట్టుబట్టానని ఒప్పుకున్నాడు. ఇప్పుడు దానికి అలవాటు పడ్డాడు, రోజూ తుడుస్తాడు కూడా.

సహన మామ ఒళ్ళో కూర్చోవడానికి పట్టులంగా తీసి పెట్టుకుంది. నువ్వు రాకపోతే దానికి నువ్వే చెప్పుకోవాలి.

మునిలక్ష్మి


చిక్కపేట, బెంగళూరు
మార్చి

అక్కా,

సరే, పంతులమ్మగారికి పాఠం చెప్తాను.

కంప్యూటరుకు మెదడు లాంటి ముక్కను ప్రాసెసరు అంటారు. వాటిలో కొన్నిటిని వేగం పెంచుకునే వీలుతో ఎక్కువ ధరకు అమ్ముతారు. చాలావాటికి ఆ వీలు లేకుండా తాళం వేసి తక్కువకు అమ్ముతారు. మాది తాళం వేసినది. దాని వేగం ఒక గుణకారం. లోపల గడియారం లాంటిదొకటి అడుగు వేస్తూ ఉంటుంది, ఆ అడుగును ఇన్నింతలు చెయ్యమని ఒక అంకె ఉంటుంది. తాళం ఆ అంకెకు వేస్తారు. గడియారం అడుగును పెంచడానికి మాత్రం ఆ ముక్కను బిగించిన మా బోర్డులో ఒక సందు ఉంది. బోర్డు చేసినవాళ్ళు ఒకప్పుడు వదిలి, తర్వాత అప్‌డేటు పంపి మూసేసిన సందు. ఎస్.పి. రోడ్డులో సెకండ్‌హ్యాండులో కొన్న మా బోర్డుకు ఆ అప్‌డేటు ఎవరూ వేయలేదు. నేను ఆ సందులోంచి దూరాను.

గడియారం అడుగు పెంచితే మెమరీ కూడా దానితో పాటు పరుగెత్తాలి. బావ కాలు వేగం పెంచితే నాడె, పలక, పై పెట్టె అన్నీ ఆ వేగం అందుకోవాలి కదా, అట్లా. కొంచెం కొంచెం పెంచుతూ, కంప్యూటరు ఆగిపోతే తగ్గిస్తూ, చివరికి ఒకచోట నిలబెట్టాను. రోజంతా ఆగకుండా నడిచింది. మూడు ఫోటోలయ్యే సమయంలో నాలుగు అవుతున్నాయి. ఒక్కటే లోటు. ప్రాసెసరు వేడి చూపించే అంకె అప్పటి నుంచి కదలడం లేదు, పొద్దునా మధ్యాహ్నం ఒకటే చూపిస్తోంది. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకని వదిలేశాను. కొత్త కంప్యూటరు కొంటే పోయేదని నువ్వు అంటావు. మా డిజైను సాఫ్ట్‌వేరు ఈ బోర్డుకే ముడిపెట్టి ఇచ్చారు, ఇచ్చిన కంపెనీ మూతపడింది. ఇది పోతే అదీ పోతుంది.

ఇక అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోటోలు ఉగాదికి ముందే ముగించాను. దొడ్డప్ప మేడెక్కి వచ్చి చూశాడు, చాలా సంతోషించాడు. మర్నాడు ఇంకో రెండు అంగళ్ళ ఆర్డర్లు ఒప్పుకున్నాడు. ఆ వారమే నళినిని పొమ్మన్నాడు. "నువ్వొక్కనివే ఇంత లాగుతా ఉండావు, ఇద్దరెందుకప్పా" అన్నాడు. నళిని ఎలక్ట్రానిక్ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో చేరిందట, నాతో మాట్లాడకుండా పోయింది. ఇప్పుడు రెండు పూటలూ నావే.

సహనకు ఏం చెప్పాలో తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు అక్కా, నా మీద కోపం రాకుండా.

హరీశ్


హిందూపురం
ఏప్రిల్

హరీశా,

సహన చెవులు కుట్టించలేదు. మామ వచ్చినప్పుడే అని మీ బావ ఖచ్చితంగా చెప్పాడు. అది అలిగి లంగా మడిచి లోపల పెట్టేసింది. నీ మీద దానికి కోపం రాకుండా చూసే శక్తి నాకు లేదు.

ఈ ఉత్తరం దాని గురించి కాదు. పోయిన మూటలో మేం పంపిన చీర ఒకటి వెనక్కి వచ్చింది. పెళ్ళికూతురి కనుబొమ్మలో గోరంత మేర జరీ కట్టుకోలేదు. మీ అంగడివాళ్ళు దాని చుట్టూ ఎర్రదారంతో గుర్తు కుట్టి, చెన్నయ్య అని మీ బావ పేరు రాసిన చీటీ గుచ్చి పంపారు. మీ బావ దాన్ని గుమ్మంలోకి తీసుకుపోయి వెలుతురులో చాలాసేపు చూశాడు. పడుగు పోగు తెగింది చూడకుండా నేసిన నేత అది, ఎవరన్నా అదే అంటారు. ఆయన కూడా అదే అన్నాడు. "నేను చూడలేదే. అద్దం పెట్టి చూసుకున్నానే" అని మాత్రం నాలుగైదుసార్లు అనుకున్నాడు.

నేను మామూలేలే అన్నాను. రెండో మూటలో ఇంకొకటి వచ్చింది. ఈసారి పెళ్ళికొడుకు మీసంలో. ఇంకో సమయంలో అయితే ఆ మీసం చూసి మేమిద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

మూడోది కూడా వచ్చాక ఆయన సహనను పిలిచి, దీపం పక్కన పెట్టుకుని, "నేను ఎన్ని పోగులు పట్టుకున్నానో చెప్పమ్మా" అని అడిగాడు. తను చెప్పిన లెక్క, పిల్ల చెప్పిన లెక్క సరిపోయాయో లేదో నాకు చెప్పలేదు.

నీ కంప్యూటరులో ఏమన్నా తేడా ఉందేమో ఒకసారి చూడు. నాకు తెలియక అడుగుతున్నాను.

మునిలక్ష్మి


చిక్కపేట, బెంగళూరు
ఏప్రిల్

అక్కా,

చూశాను. స్క్రీను మీద ఆ పెళ్ళికూతురి కనుబొమ్మ దిద్దినట్టు శుభ్రంగా ఉంది. ఇంకో విషయం, నీకు బాధ కలిగినా చెప్పాలి. అదే చీర మళ్ళీ కావాలని దొడ్డప్ప గౌరిబిదనూరు మగ్గానికి ఇచ్చాడు. అదే ఫోటోను నేను ఉదయం మళ్ళీ ఎక్కించి, ఫైలు కొత్తగా చేసి పంపాను. అది వచ్చింది, నా కళ్ళతో చూశాను. ఎక్కడా మచ్చ లేదు. ఒకే ఫోటో, ఒకే కంప్యూటరు. దొడ్డప్ప రెండు చీరలూ పక్కపక్కన పరిచి నాకు చూపించి, మడత పెట్టాడు. నా బావ కదా అని ఆయన తప్పని పైకి అనలేదు, అంతే.

బావకు వయసు ఎక్కువేం కాదు గానీ, చిన్నప్పటి నుంచి జరీ మెరుపు చూసే కళ్ళు. ఒకసారి ఆస్పత్రికి తీసుకుపో. అద్దాలు పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత దిగులు పడటం ఎందుకు? నేను చెప్పానని చెప్పు, నా మాట వింటాడు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. రేకుల కింద మధ్యాహ్నం కూర్చుంటే చెమటకు కీబోర్డు తడుస్తోంది. సావుకారు మధ్యాహ్నం భోజనం పైకే పంపిస్తున్నాడు, నేను దిగాల్సిన పని లేకుండా.

హరీశ్


హిందూపురం
మే

హరీశా,

నీ మాట విన్నాడు. ఆస్పత్రికి పోయి వచ్చాం. డాక్టరమ్మ పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా చదివించి, మందు వేసి లోపల చూసి, మీ కళ్ళకేం కాలేదు, ఇంకా చాలాకాలం అద్దాలు అక్కర్లేదు అంది. నేను దండం పెట్టాను. మీ బావ బయటికి వచ్చాక నాతో, "ఆయమ్మ గోడ మీద అక్షరాలు చూపించింది. పోగులు చూపించలేదు కదా" అన్నాడు. సంతలో అద్దాలు అమ్మేవాడి దగ్గర నాలుగు జతలు పెట్టి చూసి ఒకటి కొనుక్కున్నాడు. అది పెట్టుకుంటే ఆయనకు తల తిరుగుతుంది. అయినా పెట్టుకునే నేస్తున్నాడు.

ఇప్పుడు వరుసకొకసారి ఆగి వేళ్ళతో తడుముతున్నాడు. చూపు లేనివాళ్ళు గోడ తడిమినట్టు. నేను చూడలేక వంటింట్లోకి పోతాను. పక్కింటివాళ్ళు పోగు దొరకలేదని పిలిస్తే, నాకు కనబడదమ్మా అని పంపేశాడు. అట్లా తడిమి తడిమి నేసిన చీర కూడా ఒకటి వెనక్కి వచ్చింది. పెళ్ళికూతురి ముక్కుపుడక పక్కన.

పార్వతమ్మ పిన్ని కొడుకు బెంగళూరు పక్కన వర్తూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ల మేస్త్రీ. గేటు దగ్గర మనిషి కావాలట. జూన్ నెలాఖరుకు వస్తానని మీ బావ మాట ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. "వచ్చే బండి, పోయే బండి అయితే కనబడతాయి" అన్నాడు. చేతిలో ఉన్న పడుగు ముగించి, పెట్టె తీసుకుపొమ్మని దొడ్డప్పకు చెప్తాడట.

ఆయన మగ్గం మీద లేకపోతే ఈ ఇంట్లో ఏ చప్పుడు ఉంటుందో నాకు తెలియదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ నేను ఆ చప్పుడుకే లేస్తున్నాను.

మునిలక్ష్మి


చిక్కపేట, బెంగళూరు
మే

అక్కా,

ఈ ఉత్తరం బావ ముందు చదవకు.

బావ కళ్ళు బాగున్నాయి. తప్పు నాది.

నీ ఉత్తరం చదివి నిద్ర పట్టక, మర్నాడు పొద్దున్నే ఆ కనుబొమ్మ చీర ఫైళ్ళు రెండూ తీశాను. మీకు పంపినది ఒకటి, గౌరిబిదనూరుకు పంపినది ఒకటి. ఒకే ఫోటో నుంచి వచ్చాయి కాబట్టి రెండూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పక్కపక్కన పెట్టి పోల్చమన్నాను. ఒకచోట తేడా చూపించింది. కనుబొమ్మ దగ్గర. లేవాల్సిన పోగులను పడుకోమని మీ ఫైలులో రాసి ఉంది. స్క్రీను మీద నేను చూసింది ఫోటోను. మగ్గానికి పోయిన ఆజ్ఞలను ఎప్పుడూ తెరిచి చూడలేదు, ఎవరూ చూడరు. మీసం, ముక్కుపుడక, అన్నీ తీసి మళ్ళీ చేసి పోల్చాను. అన్నీ మధ్యాహ్నం చేసిన ఫైళ్ళే. ఎండకు రేకులు కాలి, కంప్యూటరు తట్టుకోలేక, ఆగిపోకుండానే తప్పు చేస్తోంది. ఆగిపోతే నాకు తెలిసేది. వేడి అంకె కదలకపోయినా నడుస్తోంది కదా అనుకున్నాను. పైగా బావను ఆస్పత్రికి పొమ్మని సలహా ఇచ్చాను. నన్ను చెప్పుతో కొట్టినా తప్పు లేదు.

వెంటనే దొడ్డప్ప దగ్గరికి పోయి అంతా చెప్పాను. వేగం తగ్గించేస్తాను, చీరలు వెనక్కి వచ్చిన వాళ్ళందరికీ చెప్పండి అన్నాను. ఆయన కోప్పడలేదు. కూర్చోమని కాఫీ తెప్పించాడు. తర్వాత అన్నాడు.

"మిషను తప్పంటే ఇన్ని చీరలకూ నేను జవాబు చెప్పల్ల. మగ్గం తప్పంటే ఎవని చీరకు వాడు చెప్పుకుంటాడు. సుమ్మనుండప్పా. పెండ్లిళ్ళు ముగిసినాక చూస్తాము."

నేను ఊరుకోనన్నాను. ఈ వేగాన్ని నమ్మి ఆర్డర్లు ఒప్పుకున్నాడట, వేగం తగ్గితే మగ్గాలు తగ్గించాలట. ముందు హిందూపురం పెట్టె దించుతానన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు.

నేను సెలవు కోసం తాళం తీశాను అక్కా. ఇప్పుడు నేను తగ్గిస్తే మీ పెట్టె పోతుంది, తగ్గించకపోతే బావ పోతాడు. బావకు నిజం చెప్పడం ఒక్కటే నా చేతిలో ఉంది. వచ్చే మూటలో ఆయన పేరుతో ఉత్తరం పెడతాను, లేదా నువ్వే చెప్పు.

హరీశ్


హిందూపురం
జూన్

హరీశా,

చదివి పొయ్యిలో వేశాను. నువ్వు ఆయనకు రాయవద్దు. రాసినా మూట విప్పేది నేనే, ఆయన చేతికి పోనివ్వను.

నన్ను తిట్టుకునే ముందు పూర్తిగా చదువు. ఆయనకు తెలిస్తే ఆ క్షణమే బస్సెక్కి చిక్కపేటకు వస్తాడు. నీకు ఆయన తెలుసు. అంగడి మధ్యలో నిలబడి దొడ్డప్పను అడుగుతాడు. ఆ పూటే పెట్టె పోతుంది, నీ పని పోతుంది, ఈ వీధిలో దొడ్డప్పకు నేసే ఇళ్ళన్నీ మన ముఖం చూడవు. మామూలు మగ్గానికి తిరిగి పోదామంటే డిజైన్లకు వాడే పాత చిల్లుల అట్టలన్నీ పెట్టె వచ్చినప్పుడే అమ్మేశాం. అమ్మించింది నేను. ఆయన వద్దన్నాడు.

కళ్ళు పోయాయనుకుంటే మనిషి ఎట్లాగో ఓర్చుకుంటాడు. ఇంట్లోవాళ్ళ వల్ల మోసపోయానంటే ఓర్చుకోలేడు. వర్తూరుకు పోనీ. పెళ్ళిళ్ళు ముగిశాక నువ్వు వేగం తగ్గించు, అప్పుడు ఏదో ఒక వంక చెప్పి వెనక్కి పిలుచుకుందాం.

ఇది రాస్తుంటే గుంతలో ఆయన తడుముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక పోటు, ఆగడం, ఒక పోటు, ఆగడం. నిన్న అన్నం తినేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, నీకు కూడా నేను సరిగ్గా కనబడకుండా పోతానేమో అని భయంగా ఉండాది అన్నాడు. తనకు నేను కనబడకుండా అనాల్సింది, తడబడ్డాడు. నిజం చెప్పబోయి, ఆయనకు ఇంకాస్త అన్నం వడ్డించాను. నాకు నరకం ఎక్కడో లేదు.

నువ్వు నా తమ్ముడివైతే ఈ ఒక్క మాట విను.

మునిలక్ష్మి


చిక్కపేట, బెంగళూరు
జూన్

అక్కా,

నీ మాట ప్రకారం బావకు ఉత్తరం రాయలేదు. మూటంతా వెతుక్కో, ఇది తప్ప ఇంకో కాగితం లేదు.

వేగం సంగతి మాత్రం నువ్వు చెప్పినట్టు ఆగలేకపోయాను. పోయిన ఆదివారం దొడ్డప్ప వాళ్ళ బంధువుల పెళ్ళికి పోయాడు, నన్ను లోపల ఉంచి బయట తాళం వేసి. ఫోటోలు ఆగకూడదు కదా. ఆ పొద్దున బోర్డుకు ఇన్నాళ్ళూ ఎవరూ వేయని అప్‌డేటు వేశాను. అది ఒకసారి వేస్తే వెనక్కి తీయడానికి ఉండదు. నేను దూరిన సందు మూసుకుపోయింది, ఇక నేను తెరవాలనుకున్నా తెరుచుకోదు. దొడ్డప్ప తలకిందులుగా తపస్సు చేసినా అంతే. కంప్యూటరు పాత నడకకు వచ్చింది. వేడి అంకె కదులుతోంది. ఫైళ్ళు రెండేసిసార్లు చేసి పోల్చాను, ఎండలో కూడా ఒక్క తేడా లేదు.

సోమవారం ఆయనకు నేనే చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. పొమ్మంటాడనుకున్నాను, పోవద్దన్నాడు. ఒప్పుకున్న ఆర్డర్లన్నీ ముగిసేదాకా మేడ దిగనక్కర్లేదట, పడక కూడా పైకి తెప్పించాడు. ఈ సాఫ్ట్‌వేరు తెలిసినవాడు ఇంకొకడు దొరకడు, నేను పోతానంటే మీ మగ్గం సంగతి ఎత్తుతాడు. ఇప్పటికి పెట్టె దించలేదు, చేతిలో ఉన్న పనికి అన్ని మగ్గాలూ కావాలి. పెళ్ళిళ్ళ తర్వాత ఏం చేస్తాడో తెలియదు. చెక్కల సందులోంచి కొంచెం ఆకాశం కనిపిస్తుంది, అదీ నేను వంగితే.

ఒక చిన్న పని. కొత్త జరీ వచ్చింది, నేతలో ఎట్లా నిలబడుతుందో చూడాలి. అసలు చీర ఎక్కించే ముందు పెన్‌డ్రైవులో మొదటి ఫైలు సాంపుల్ ముక్కగా నేయమని బావకు చెప్పు. వర్తూరు పోయే ముందు ఆ ముక్క తప్పకుండా కావాలి.

హరీశ్


హిందూపురం
జూన్

హరీశ్‌కు,

మీ అక్క పక్కన లేకుండా రాస్తున్నాను. నాకు రాత అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో. ఇది పోస్టులో వేస్తాను, మూటలో కాదు.

నువ్వు చెప్పిన సాంపుల్ నేశాను. సంత అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. ఒక పెళ్ళికూతురి నుదురు, కనుబొమ్మ వచ్చాయి. అద్దం కింద పెట్టి చూస్తే కనుబొమ్మలో జరీ తప్పింది. గుంతలోంచి లేచి పోదామనుకున్నాను. నాకు ఇక ఈ పని లేదు, ఈ ముక్క కూడా చెడగొట్టాను అనుకున్నాను. కానీ ఒప్పుకున్న ముక్క కాబట్టి కానిచ్చాను. అదే నుదురు మళ్ళీ వచ్చింది. అదే కనుబొమ్మ, అదే చోట మళ్ళీ తప్పింది. మూడోసారి అద్దాలు తీసేసి, ఒక్కొక్క పోగూ పట్టి చూస్తూ నేశాను. ఏ పోగూ తెగలేదు. అయినా అదే చోట తప్పింది. నాలుగోసారి తప్పక ముందే ఎక్కడ తప్పుతుందో వేలు పెట్టి చూపించాను, అక్కడే తప్పింది.

చెయ్యి చేసే తప్పు నాలుగుసార్లు ఒకేచోట రాదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముక్క కోసి తిప్పి చూస్తే చివర జరీతో నీ అక్షరాలు ఉన్నాయి. "బావా, నీ కళ్ళు బాగున్నాయి. తప్పు నా మిషనుది." ఎంతసేపు చదివానో తెలియదు. ఏడ్చాను కూడా, దాచడం దేనికి. తర్వాత పక్కింటికి పోయి, వాళ్ళ మగ్గంలో మొన్నటి నుంచి దొరకని పోగు తీసి కట్టి వచ్చాను.

నీ మీద కోపం ఉంది. మిషను సరిగ్గా ఉందని నమ్మి నన్ను ఆస్పత్రికి పంపినందుకు ఉంది. కానీ తెలిసిన తర్వాత నువ్వు దాచలేదు, చెప్పనివ్వనప్పుడు నా చేతితోనే నాకు చెప్పించావు. అది ఉంచుకుంటాను. వర్తూరుకు రానని కబురు పంపాను. ఆ ముక్కతో నేనే గురువారం చిక్కపేటకు వస్తున్నాను. పెట్టె తీసుకుపొమ్మని నేనే చెప్తాను. నిన్ను మేడ దిగనివ్వడం లేదని మూట తెచ్చినవాడు చెప్పాడు, దించి తీసుకొస్తాను. తర్వాత ఏం నేస్తామో, ఏం తింటామో నాకు తెలియదు. తలుపు తీయకపోతే అంగడి ముందు కూర్చుంటాను, నాకు తొందర లేదు.

మీ అక్క సంగతి ఒకటి రాయాలి. ముక్క తిప్పి చూసిన వెంటనే, సంతోషం పట్టలేక ఆమెను పిలిచాను. ఇదేమిటో చదువు అని చేతికిచ్చాను. చదివింది. ఏ మిషను అని అడగలేదు. ఏం తప్పు అని అడగలేదు. ముక్క మడిచి నాకు ఇచ్చింది. అప్పుడు ఆమె ముఖంలోకి చూశాను హరీశ్. ఇంతకాలం తర్వాత మొదటిసారి నాకు అంతా స్పష్టంగా కనిపించింది.

చెన్నయ్య